పెళ్లికి 24 రోజులుండగా ముఖం మీద పచ్చబొట్టా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కావలి. వయసు 26, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంకో 24 రోజుల్లో నా పెళ్లి. నా కనుబొమ్మలు ముక్కు వైపు బాగానే ఉంటాయి, చివరికొచ్చేసరికి పల్చబడిపోయి దాదాపు లేనట్టే. రెండేళ్ల నుంచి ఇలా అవుతోంది. జుట్టు కూడా రాలుతోంది. నెల్లూరులో ఒక పార్లర్‌వాళ్లు మైక్రోబ్లేడింగ్, అంటే సూదులతో కనుబొమ్మల్లో రంగు దింపడం, చేస్తామన్నారు. పెళ్లికూతుళ్ల ఆఫరట, 7,000కి కనుబొమ్మలు, దాంతోపాటు ముఖానికి బీబీ గ్లో ఫ్రీ. నొప్పి ఉండదు, పది రోజుల్లో సెట్ అయిపోతుంది, ఇది పచ్చబొట్టు కాదు, మేకప్పే అన్నారు. వెయ్యి అడ్వాన్సు కట్టాను. ముఖం మీద సూదులేంటని అమ్మ గొడవ. నాకు స్టిక్కర్ బొట్టు పడదు, దురద వస్తుంది. ఈమధ్య అక్కడ కొంచెం తెల్లబడింది కూడా. దానివల్ల ఇబ్బందేమీ లేదు కదా? మా పిన్ని కళ్లకి చెరిగిపోని కాటుక సూదితో వేయించుకుంటానని నాతో వస్తానంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. చేయించుకోమంటారా?

జవాబు: అమ్మాయ్, పెళ్లికి ముందైతే వద్దు. పెళ్లయ్యాక కూడా, నువ్వు మాటవరసకి అన్నట్టు రాసిన రెండు సంగతులు తేలేదాకా వద్దు. బొట్టు దగ్గర తెల్లబడటం ఒకటి, కనుబొమ్మల చివర్లు రాలిపోవడం రెండు. వీటి గురించి పార్లర్‌లో ఎవరైనా అడిగారా? అడిగినట్టు నువ్వు రాయలేదు. అడగకుండానే అడ్వాన్సు తీసుకున్నారంటే నాకు వాళ్ల చేతి పని మీద కంటే వాళ్ల తొందర మీద ఎక్కువ అనుమానం.

నేను నెల్లూరులో 22 ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. డాక్టర్ని కాను. జబ్బుల గురించి ఇక్కడ రాసేది డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే. నీ చర్మం చూసి తేల్చాల్సింది వాళ్లే.

“పచ్చబొట్టు కాదు, మేకప్పే” అన్న మాట దగ్గర మొదలుపెడదాం. మేకప్ అంటే రాత్రికి కడిగేస్తే పోయేది. సూదితో చర్మంలోకి రంగు దింపితే దాన్ని మన పెద్దవాళ్లు ఏమన్నారో అదే, పచ్చబొట్టు. కోవూరులో మా అమ్మమ్మ ముంజేతి మీద తేలు బొమ్మ ఉండేది. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎరుకలామె పొడిచిందట. పొడిచిన రంగు మసి, అంటే నలుపు. మాకు తెలిసేటప్పటికి అది ఆకుపచ్చకీ నీలానికీ మధ్య ఏదో రంగు. దాని పేరే పచ్చబొట్టు కదా, నల్లబొట్టు అని ఎవరూ అనలేదు. నల్లటి మసి చర్మం లోపలికి దిగితే, పైనున్న చర్మం పొరలోంచి వెలుతురు చెదిరి వచ్చేసరికి మన కంటికి నీలంగా కనపడుతుంది. ఎంత లోతుకి దిగితే అంత నీలం.

2009లో నేను కూడా ఈ పని చేయించుకున్నాను. చెన్నైలో ఒక చోట, మిషన్‌తో, నిగనిగలాడే నలుపు. ఆర్నెల్లు అద్దం ముందు నుంచి కదల్లేదనుకో. నాలుగేళ్లకి నా కనుబొమ్మలూ అమ్మమ్మ చేతి మీది తేలూ ఒకే రంగు. రోజూ నీలం మీద గోధుమరంగు పెన్సిల్ దిద్దుకుని పార్లర్ తెరిచేదాన్ని. ఎవరికైనా ఐబ్రోస్ చేస్తుంటే వాళ్ల చూపు నా ఐబ్రోస్ మీదే. చివరికి చర్మ డాక్టరు దగ్గర లేజర్‌తో తీయించుకున్నాను. ఐదు సిట్టింగులు. వేయించుకున్న దానికంటే తీయించుకోవడానికి అయిన ఖర్చే ఎక్కువ. నాది ఉత్త నలుపు కాబట్టి లేజర్‌కి లొంగింది. ఇప్పుడు వాడే గోధుమరంగుల్లో చాలావాటిలో ఐరన్ ఆక్సైడ్, కొన్నిట్లో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. వాటి మీద లేజర్ పడితే రంగు పోవడానికి బదులు ఒక్కసారిగా నల్లబడే ప్రమాదం ఉంది. అందుకే తెలిసిన డాక్టరు ముందు ఒక చుక్కంత చోట వేసి చూస్తాడు.

ఇప్పటి పద్ధతులు అప్పటికంటే నయమే, కాదనను. మైక్రోబ్లేడింగ్‌లో సన్నటి సూదులు వరసగా అమర్చిన చిన్న పనిముట్టుతో ఒక్కో వెంట్రుకలాగా గీతలు గీసి రంగు నింపుతారు. పౌడర్ బ్రోస్ అయితే మిషన్‌తో చుక్కలు చుక్కలుగా, పౌడర్ అద్దినట్టు చేస్తారు. రెండిట్లోనూ సూది దిగే లోతు మిల్లీమీటరు కూడా ఉండకూడదు. అందుకే అది ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి మూడేళ్లకి వెలిసిపోతుంది. వెలిసిపోవడమంటే తుడిచేసినట్టు పోవడం కాదు. కొందరికి ఎర్రటి, నారింజ ఛాయ మిగులుతుంది, కొందరికి బూడిద రంగు. జిడ్డు చర్మం వాళ్లకి మైక్రోబ్లేడింగ్ గీతలు కొన్నాళ్లకి అలుక్కుపోతాయి. మన ఎండలో, ఈ ఉక్కపోతలో జిడ్డు లేని ముఖం ఎవరికుందో నాకైతే తెలియదు. అందుకే నన్నడిగితే మన వైపు చాలామందికి పౌడర్ బ్రోసే నప్పుతాయి. పార్లర్‌వాళ్లు ఎక్కువగా మైక్రోబ్లేడింగ్ అనే అంటారు, ఆ పేరు జనానికి తెలుసు కాబట్టి.

ఇక నీ తెల్లమచ్చ. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. స్టిక్కర్ బొట్ల జిగురులో ఒక రసాయనం ఉండొచ్చు, పేరు పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్. అది కొందరి చర్మంలో రంగు పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. ముందు దురద, తర్వాత బొట్టంత తెల్లమచ్చ. కొందరికి స్టిక్కర్ మానేశాక మెల్లగా రంగు తిరిగొస్తుంది. కొందరికి అది బొల్లికి మొదలు అవుతుంది. ఏదన్నది డాక్టరు చీకటి గదిలో ఒక ప్రత్యేకమైన లైటు వేసి చూసి చెప్పగలరు. బొల్లి ఉన్నవాళ్లకి చర్మం ఎక్కడ గీసుకున్నా, కోసుకున్నా, ఒరుసుకున్నా అక్కడ కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది. సోరియాసిస్ వాళ్లకీ అంతే. దీన్ని డాక్టర్లు కోబ్నర్ అంటారు. మచ్చ ఇంకా పెరుగుతున్నప్పుడు దానికి రెండు వేళ్ల దూరంలో వందల గీతలు గీయించుకోవడం ఎట్లాంటిదో నువ్వే ఆలోచించు. కనుబొమ్మల కోసం వెళ్లి నొసలంతా మచ్చలు తెచ్చుకోకూడదు కదా.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బొల్లి మచ్చల మీద చర్మం రంగు పచ్చబొట్టు వేసే వైద్యం కూడా ఉంది, చర్మ డాక్టర్లే చేస్తారు. అయితే ఎప్పుడు? మచ్చ కనీసం ఏడాదిపాటు పెరగకుండా, కొత్తవి రాకుండా నిలకడగా ఉన్నప్పుడు. అంటే సూది ఎప్పుడు దింపాలన్నది డాక్టరు ఇష్టం, ఆఫరు ఇష్టం కాదు. ఈ రోజు నుంచీ స్టిక్కర్ మానెయ్. పెళ్లిలో కుంకుమ పెట్టుకో, అది కూడా పడుతుందో లేదో ముందు మోచేతి మడత దగ్గర రాసి చూసుకో.

కనుబొమ్మల చివర్లు రాలడం గురించి. నీ వయసులో, జుట్టు కూడా రాలుతోందంటే, ముందు చూపించుకోవాల్సింది థైరాయిడ్. థైరాయిడ్ తక్కువగా పనిచేసే వాళ్లకి కనుబొమ్మల బయటి మూడో వంతు పల్చబడటం పాత గుర్తే. నీరసం, లావెక్కడం, నెలసరి తేడా, చలికి తట్టుకోలేకపోవడం లాంటివి ఉంటే అనుమానం ఇంకా ఎక్కువ. రక్తంలో టీఎస్‌హెచ్ చూస్తే తెలిసిపోతుంది, కావలిలో ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, రక్తం తక్కువైనా జుట్టు రాలుతుంది. పేనుకొరుకుడైతే ఒకచోట గుండ్రంగా ఊడుతుంది. అరుదుగా కుష్టులో కూడా కనుబొమ్మలు రాలతాయి. పేరు విని బెంబేలుపడకు, ఇప్పుడు దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తుంది, నయమవుతుంది. కానీ చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఏదైనా ఉంటే మాత్రం దాచుకోకుండా చెప్పు. ఏళ్ల తరబడి గట్టిగా థ్రెడింగ్ లాగించుకున్నా చివర్లు పోతాయి, ఆ పాపంలో నా వృత్తికీ వాటా ఉంది. థైరాయిడ్ అని తేలి మందు మొదలుపెడితే కొన్ని నెలల్లో వెంట్రుకలు తిరిగొచ్చే అవకాశం ఉంది. ఈలోపు రంగు దింపించుకుంటే, రేపు సొంత వెంట్రుకలు ఒక దారిన, గీతలు ఒక దారిన.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. పొగతోటలో అయితే ప్రైవేటు స్కిన్ డాక్టర్లకి కొదవ లేదు. పెళ్లి షాపింగ్‌కి ఎలాగూ నెల్లూరు వస్తావు కదా, చీరల కొట్టుకి ముందు ఒక గంట అక్కడ పెట్టుకో. మచ్చ, కనుబొమ్మలు రెండూ ఒకే డాక్టరుకి చూపించొచ్చు.

పది రోజుల్లో సెట్ అవుతుందన్నారు. ఏమవుతుందో నేను చెప్తాను. మొదటి మూడు నాలుగు రోజులు వాపుతో, బొగ్గుతో గీసినట్టు ముదురుగా ఉంటుంది. ఐదో రోజు నుంచి పదో రోజు దాకా సన్నటి పొట్టు రాలుతుంది. పొట్టు రాలాక రంగు అంతా పోయిందా అన్నంత పల్చగా, అక్కడక్కడ అతుకులుగా కనపడుతుంది. లోపలి రంగు తేటపడి అసలు రూపం రావడానికి నాలుగు వారాలైనా పట్టాలి. ఆ తర్వాత, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టచప్ చేస్తేనే పని పూర్తయినట్టు. పెళ్లికూతురు నా దగ్గరికి వస్తే పెళ్లికి మూడు నెలల ముందు రమ్మంటాను, అంతకంటే దగ్గరైతే వచ్చే ఏడాది రమ్మంటాను.

నీకున్నది 24 రోజులు. అందులో నీ ముఖం ఖాళీగా ఉండేది ఎన్ని రోజులు? పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మేనత్తలు, పిన్నులు నలుగు పెట్టి ముఖం రుద్దుతారు. పసుపు రాస్తారు. మంగళస్నానం. సరిగ్గా కనుబొమ్మల పైన బాసికం బిగించి కడతారు. హోమం పొగ, చెమట, పైనుంచి పసుపు కలిపిన తలంబ్రాలు. మామూలు చర్మమే ఆ రోజుకి సొమ్మసిల్లుతుంది, మానీ మానని చర్మం సంగతి చెప్పాలా? పైగా ఎలాగూ ఆ రోజు మేకప్ చేసేవాళ్లు వస్తారు. నీ కనుబొమ్మల చివర్లు పెన్సిల్‌తో, పౌడర్‌తో రెండు నిమిషాల్లో దిద్దుతారు. చెమటకి చెరగని ఐబ్రో జెల్ ఉంది. ట్రయల్ రోజు దిద్దించుకుని ఒక పూట ఉంచుకుని చూడు, సరిపోతుంది.

అదంతా సరే, డాక్టరు ఏ అడ్డూ లేదన్నాడు, పెళ్లయిపోయింది, అయినా చేయించుకోవాలనే ఉంది అనుకుందాం. అప్పుడు వద్దనను. పొద్దున్నే బండెక్కి స్కూలుకి పరిగెత్తే వాళ్లకి బాగా చేసిన కనుబొమ్మలు నిజంగా సుఖం. చేసే మనిషిని ఎంచుకునేటప్పుడు అప్పుడే చేసిన ఫొటోలు చూసి మోసపోకు, ఆ రోజు అందరివీ బాగుంటాయి. ఏడాది తర్వాతి ఫొటో అడుగు, అదీ మన రంగు వాళ్లది. వీలైతే ఆ మనిషితో మాట్లాడు. రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లి సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. గోడ మీద కాగితం కంటే అక్కడి చెత్తబుట్ట చూడటం మేలు. సూదులు వేసే గట్టి డబ్బా వేరుగా ఉందా, అన్నీ కలిపి పారేస్తున్నారా?

సూది గురించి మొహమాటపడకు. సీలు వేసిన ప్యాకెట్ నీ కళ్ల ముందు చించాలి, దాని మీద గడువు తేదీ ఉండాలి. నీకు వాడింది నీతోనే పోవాలి. చాలా పార్లర్లలో నీలం లైటు వెలిగే ఒక డబ్బా ఉంటుంది, అందులో పెడితే క్రిములు చస్తాయంటారు. అది చూడటానికే. స్పిరిట్ తుడుపూ అంతే. పనిముట్టు మళ్లీ వాడేదైతే ఆసుపత్రుల్లో ఉండే ఆటోక్లేవ్‌లో ఆవిరి పెట్టాలి. రంగు చిన్న గిన్నెలో వేసుకుని మిగిలింది పారేయాలి, సీసాలోకి తిరిగి పోశారంటే లేచి వచ్చెయ్. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి, ఈ మూడూ రక్తం అంటిన సూదితో వచ్చేవే. హెపటైటిస్ బికి టీకా ఉంది, ఆరు నెలల్లో మూడు డోసులు. పెళ్లి హడావిడి అయ్యాక నువ్వూ మీ ఆయనా వేయించుకున్నా మంచిదే.

రంగు ఏ కంపెనీదో, బ్యాచ్ నంబరు ఎంతో ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. 2003, 2004 సంవత్సరాల్లో అమెరికాలో ఒకే కంపెనీ పర్మనెంట్ మేకప్ రంగుల మీద 150కి పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాపులు, పొక్కులు, మచ్చలు, చర్మం కింద గట్టి బుడిపెలు. చివరికి వాటిని వెనక్కి తీసుకున్నారు. యూరప్‌లో 2022 జనవరి నుంచి పచ్చబొట్టు రంగుల్లో, ఈ మేకప్ రంగుల్లో కూడా వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. మన దగ్గర సీసా మీద పేరు కూడా చూడకుండా నుదురు అప్పగిస్తున్నాం. చెవి వెనక ఒక చుక్క వేయించుకుని రెండు రోజులు చూడమని పార్లర్‌వాళ్లే చెప్పాలి. నీలాగా స్టిక్కర్ పడని వాళ్లకి, హెయిర్ డై పడని వాళ్లకి అది తప్పనిసరి. ఆ పరీక్ష పాసయినా పూర్తి భరోసా లేదు, కొందరికి నెలల తర్వాత కూడా అలర్జీ బయటపడుతుంది.

ఆకారం దారంతో కొలిచి పెన్సిల్‌తో గీశాక, పడుకుని కాదు, లేచి కూర్చుని అద్దంలో చూసుకో. పడుకుంటే ముఖం వెనక్కి జారి కనుబొమ్మలు వేరేగా కనపడతాయి. నవ్వి చూడు, కోప్పడి చూడు. నచ్చకపోతే పదిసార్లు చెరిపించు. రంగు నీ వెంట్రుకల కంటే ఒక మెట్టు తక్కువ గోధుమరంగు తీసుకో. “నల్లగా ఉంటేనే బాగుంటుంది మేడమ్” అని ఎవరన్నా అంటే నా తేలు కథ చెప్పు.

మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడినవాళ్లు ఆపాక ఆరు నెలలు ఆగాలంటారు. చెవి కుట్టినచోట కెలాయిడ్, అంటే గట్టిగా ఉబ్బిన మచ్చ, లేచినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వెళ్లకూడదు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వద్దు. కొత్త పెళ్లికూతురివి కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకో, టచప్ తేదీ నాటికి కూడా ఆలోచించుకోవాలి. నొప్పి తెలియకుండా పూసే క్రీములో లిడోకైన్ ఉంటుంది. ఎక్కువ మోతాదున్నవి, పేరూ ఊరూ లేని ట్యూబులు గుండె మీద ప్రభావం చూపొచ్చు, 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయం మీదే హెచ్చరించింది. ట్యూబ్ మీద ఎంత శాతమో చూడు.

చేయించుకున్నాక రెండు వారాలు సబ్బు, స్క్రబ్, చెమట పట్టే పనులు, ఎండ తగ్గించుకోవాలి. మైపాడులో సముద్ర స్నానం, రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగడం లాంటివి ఆ రెండు వారాల్లో వద్దు. పొట్టు గిల్లొద్దు, గిల్లిన చోట రంగు ఊడిపోతుంది. ఇంట్లోవాళ్లు పుండు మానాలని పసుపు మెత్తుతారు, కొబ్బరినూనె రాస్తారు. చెప్పి ఆపు. వంకాయ తింటే చీము పడుతుందని, చేపలు మానెయ్యమని అంటారు. నీకు పడని తిండి కాకపోతే చేపల పులుసు హాయిగా తిను. మూడు రోజులు దాటాక నొప్పి, ఎరుపు పెరుగుతున్నా, చీము, జ్వరం వచ్చినా పార్లర్‌కి ఫోన్ చెయ్యకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లు. తర్వాత ఏడాదిపాటు రక్తదానం చెయ్యనివ్వరు. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే ముందే చెప్పు, ఈ రంగుల్లోని ఇనుము వల్ల అరుదుగా కొందరికి అక్కడ మంట, వాపు వస్తాయి. అంతేకానీ స్కానింగ్ మానుకోవాల్సిన పనిలేదు.

బీబీ గ్లో ఫ్రీ అన్నారే, దాన్ని ఎదురు డబ్బులిచ్చినా తీసుకోవద్దు. పైపూతకి తయారైన ఫౌండేషన్ లాంటి దాన్ని సన్న సూదులతో ముఖమంతా లోపలికి గుచ్చడమే అది. నీ తెల్లమచ్చ ఉన్న ముఖానికి అసలే కుదరదు.

పిన్నిగారికి నా మాటగా చెప్పు, కాటుక నేను చెయ్యను, చేయించుకోమనీ చెప్పను. కనురెప్ప అంచున కంటిని తడిగా ఉంచే నూనె గ్రంథులుంటాయి, సూది అక్కడ తిరిగితే అవి దెబ్బతిని కళ్లు పొడిబారొచ్చు. ఆ చర్మం మరీ పల్చన, రంగు పక్కకి పాకితే కంటి కింద ఎప్పటికీ పోని మరక. పొరపాటున నొప్పి తెలియకుండా పూసే క్రీము కంట్లో పడితే అది ఇంకో గొడవ. చెరిగిపోని కాటుక పెన్సిలు ఇప్పుడు 200కి కూడా దొరుకుతోంది.

నీ వెయ్యి రూపాయల అడ్వాన్సు సంగతి. పోట్లాడకుండా అడుగు, చర్మ డాక్టరు వద్దన్నారని చెప్పు. చాలామంది తిరిగివ్వరు గానీ వేరే పనికి సర్దుతారు. పెళ్లి రోజు మేకప్‌కో, మెహందీకో మార్పించుకో. మెహందీ అయితే మాత్రం గంటలో నల్లగా పండుతుందనే బ్లాక్ కోన్ పెట్టించుకోకు. అందులో హెయిర్ డైలో వేసే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, స్టిక్కర్ జిగురుకే మచ్చ తేలిన చర్మం నీది. ఇంట్లో గోరింటాకు చెట్టు ఉంటే మీ అమ్మని రుబ్బమను. ముఖం మీద సూదులు వద్దన్నందుకు ఆవిడకి ఆ మాత్రం గెలుపు దక్కనివ్వు.